ఏడేళ్ల రోడ్డుకు ఏడాది పద్దు

బెంగళూరులో మారతహళ్లి నుంచి మున్నేకొళాల వైపు తిరిగే సందుల్లో సెప్టెంబరు నెలలో గుంత పూడ్చే తీరు ఒకటుంది. ముందురోజు రాత్రి కురిసిన వాన నీళ్లు గుంతలో అలాగే నిలిచి ఉండగా ట్రాక్టరు వచ్చి కంకర, రాతిపొడి కలిపిన మిశ్రమాన్ని అందులో గుమ్మరిస్తుంది. ఇద్దరు కూలీలు పారలతో దాన్ని సర్దుతారు. రోలరు రాదు కాబట్టి ఆ ట్రాక్టరే రెండుసార్లు ముందుకూ వెనక్కూ నడుస్తుంది. మధ్యాహ్నానికి గుంత నిండినట్టే కనిపిస్తుంది. ఆఫీసులు వదిలే వేళకు ఆ కంకర బైకు చక్రాల కింద నుంచి ఎగిరి, పక్కనున్న ఇడ్లీ బండి రేకుకు టంగుమని తగులుతుంటుంది. మూడో రోజుకు గుంత మళ్లీ గుంతే, చుట్టూ చెల్లాచెదురైన రాళ్లు అదనం.

సరైన పద్ధతి రహస్యమేమీ కాదు. గుంత అంచులను నిలువునా చతురస్రంగా కోసి, నీళ్లూ మట్టీ తీసి ఆరబెట్టి, అడుగుకూ గోడలకూ పల్చగా తారు పూసి, వేడి మిశ్రమాన్ని పొరలుగా నింపి, దాని వేడి 90 డిగ్రీలకు పడిపోకముందే రోలరుతోనో దిమ్మిసతోనో గట్టిపరచాలి. ఇది ఏ అసిస్టెంట్ ఇంజినీరుకూ తెలియని సంగతి కాదు. అయితే వాన పడుతున్నప్పుడు ఆ పద్ధతి కుదరదు. కుదిరే పొడి నెలల్లో ఆ వీధికి కాంట్రాక్టరు ఉండడు, కాంట్రాక్టరు ఉన్నప్పుడు డబ్బు మంజూరై ఉండదు. ఈ మూడూ ఒక్కచోట కలవకపోవడానికి అవినీతి ఒక్కటే కారణమని తేల్చేస్తే చర్చ తొందరగా ముగుస్తుంది గానీ విషయం సగమే తెలుస్తుంది. స్థానిక వీధుల నిర్వహణకు ప్రభుత్వాలు డబ్బిచ్చే లెక్క ఏడాదిది, రోడ్డు ఆయుష్షు లెక్క ఏడేళ్లది. ఆ మిగతా సగం ఈ తేడాలోనే ఉంది.

మొదట పని పరిమాణం చూడాలి. 2025 సెప్టెంబరులో అయిదు కార్పొరేషన్లుగా విడిపోయే నాటికి బృహత్ బెంగళూరు మహానగర పాలికె (నగర పాలక సంస్థ) చేతిలో దాదాపు 13,000 కిలోమీటర్ల రోడ్లు ఉండేవి. వాటిలో ప్రధాన, ఉప ప్రధాన రహదారులు సుమారు 1,340 కిలోమీటర్లు మాత్రమే. పత్రికల్లో ఫొటోలు పడేవీ, మంత్రులు రాత్రి తనిఖీలకు వెళ్లేవీ ఆ పదో వంతు రోడ్లే. మిగిలిన తొమ్మిది వంతులూ వార్డు వీధులు, అడ్డరోడ్లు, లేఅవుట్ల లోపలి దారులు. తారు పైపొర బాగా వేస్తే అయిదు నుంచి ఏడేళ్లు నిలుస్తుంది. ఏడేళ్ల లెక్కనే తీసుకున్నా, మొత్తం రోడ్లలో ఏటా దాదాపు 1,850 కిలోమీటర్లకు కొత్త పొర పడాలి. అన్నీ తారు రోడ్లు కావు కాబట్టి కొంత తగ్గించుకోవచ్చు. అయినా డిసెంబరు నుంచి ఏప్రిల్ నడిమి దాకా ఉండే నాలుగు నెలల పైచిలుకు పొడి కాలంలోనే ఈ పనంతా జరగాలంటే రోజుకు పద్నాలుగు కిలోమీటర్లు వేయాలి. ఏడు మీటర్ల వెడల్పున్న ఒక్క కిలోమీటరు మీద 40 మిల్లీమీటర్ల పొర వేయడానికి 280 ఘనపు మీటర్ల మిశ్రమం, అంటే సుమారు 670 టన్నులు, నలభై టిప్పర్లకు పైగా లోడు కావాలి. ఏటా ఆగకుండా సాగితే తప్ప తెమిలే పని కాదిది. ఒక ఏడు వదిలేస్తే మరుసటి ఏటికి రెట్టింపు అవుతుంది.

నిజానికి రెట్టింపు అన్నది తక్కువ అంచనా. తారు రోడ్డు వరుసగా, సమంగా చెడిపోదు. మొదటి నాలుగైదేళ్లు పైకి బాగానే కనిపించి, సన్నని పగుళ్లలోంచి నీళ్లు కంకర పొరల్లోకి దిగిన తర్వాత ఒక్కసారిగా కూలుతుంది. మూడేళ్ల నిర్లక్ష్యానికి మరమ్మతు ఖర్చు మామూలు నిర్వహణ ఖర్చుకు ఆరు రెట్లు, అయిదేళ్ల నిర్లక్ష్యానికి పద్దెనిమిది రెట్లు అవుతుందని దక్షిణాఫ్రికా జాతీయ రహదారుల సంస్థ వేసిన అంచనాను ప్రపంచ బ్యాంకు తన పత్రాల్లో ఉటంకించింది. ఆ గుణకాలు బెంగళూరుకు యథాతథంగా సరిపోకపోవచ్చు. అవి చూపించే దిశ మాత్రం ఇక్కడా అదే. పగులు కనిపించిన ఏడాదే తారు పోసి మూస్తే పోయే పనిని మూడేళ్లు వాయిదా వేస్తే, పైపొర బదులు అడుగు కంకరనే తవ్వి వేయాల్సి వస్తుంది.

నగరం తూర్పు అంచున దీనికి ఇంకో బరువు తోడవుతోంది. 2007లో పాలికెలో కలిసిన 110 గ్రామాల ప్రాంతంలో చాలా ఇళ్లకు ఏళ్ల తరబడి నీళ్లు ట్యాంకర్ల మీదే వచ్చాయి. ఇరుగ్గా లేచిన అపార్టుమెంట్ల మధ్య పన్నెండు అడుగుల దారిలో రోజంతా ట్యాంకర్లు తిరుగుతాయి. రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు మీది బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుందని 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయిలో జరిగిన రోడ్డు పరీక్షల నుంచి ఇంజినీర్లు వాడుతున్న సూత్రం. ఆరు వేల లీటర్ల ట్యాంకరు వెనక ఇరుసు మీద ఏడు టన్నులు, కారు ఇరుసు మీద ఏడు వందల కిలోలు అనుకుంటే బరువు పది రెట్లు, రోడ్డుకు దెబ్బ పది వేల రెట్లు. అంటే నీళ్ల గొట్టం వేయనందుకు నగరం కట్టే జరిమానాలో కొంత భాగం రోడ్డు పద్దులో పడుతోంది. ఆ రెండు పద్దులూ చూసే సంస్థలు వేరు, లెక్కలు వేరు కాబట్టి ఈ సంగతి ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనిపించదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు సామాన్యుడి జవాబు ఒకటే: రోడ్డు టాక్సు కడుతున్నాం కదా. బెంగళూరు తెలుగువారికి ఈ పన్ను మరీ బాగా తెలుసు. హైదరాబాదులోనో విజయవాడలోనో కొన్న కారును ఏపీ, టీఎస్ నంబరుతో ఇక్కడికి తెచ్చుకుని, ఏడాది దాటాక ఆర్టీవో తనిఖీ ఎక్కడ తగులుతుందోనని వైట్‌ఫీల్డ్ రోడ్డులో అటూ ఇటూ చూస్తూ నడిపి, చివరికి నిరభ్యంతర పత్రం తెప్పించుకుని కర్ణాటకకు జీవితకాల పన్ను కట్టినవారు ప్రతి అపార్టుమెంటులోనూ ఉంటారు. కారు ధరను బట్టి కొత్త కారుకు 13 నుంచి 18 శాతం దాకా ఉండే ఈ పన్ను దేశంలోని ఎక్కువ రేట్లలో ఒకటి. లక్ష, రెండు లక్షలు కట్టిన మరునాడే ఇంటి ముందు గుంతలో చక్రం దిగితే కడుపు మండడం సహజమే. కానీ చట్టం దృష్టిలో అది వాహనం మీద పన్నే తప్ప రోడ్డు కోసం పన్ను కాదు. రాష్ట్ర ఖజానాలో చేరాక జీతాలకూ వెళ్లవచ్చు, పింఛన్లకూ వెళ్లవచ్చు. ఇంటి ముందు వీధికి రావాలన్న నియమం ఎక్కడా లేదు. పెట్రోలు, డీజిలు మీద కేంద్రం వసూలు చేసే రోడ్డు, మౌలిక సదుపాయాల సెస్సు కథా దాదాపు అంతే. 2000లో కేంద్ర రోడ్డు నిధి చట్టంతో మొదలై 2018లో పేరు మారిన ఆ నిధి ప్రధానంగా జాతీయ రహదారులకు, రాష్ట్ర రోడ్లకు, గ్రామీణ రోడ్లకు, రైల్వేకు వెళ్తుంది. కోరమంగళ ట్రాఫిక్కులో గంటసేపు కాలిన పెట్రోలు మీది సెస్సులో కోరమంగళ అడ్డరోడ్డుకు వాటా ఉండదు.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన పద్దెనిమిది పనుల జాబితాలో నాలుగో అంశం రోడ్లు, వంతెనలు. పని పేరు రాసి ఇచ్చారు గానీ దానికి తగిన పన్ను రాసి ఇవ్వలేదు. పాలికెకు సొంతంగా మిగిలిన పెద్ద ఆదాయం ఆస్తి పన్ను ఒక్కటే. ఇంటి విస్తీర్ణాన్ని, ప్రాంతాన్ని బట్టి పన్ను లెక్కగట్టే యూనిట్ ఏరియా పద్ధతి 2008లో వచ్చింది. దాని రేట్లను 2016లో ఒకసారి పెంచారు. ఆ తర్వాత వసూళ్లు పెరిగింది ఎక్కువగా కొత్త ఇళ్లు, ఎగవేతదారుల మీద నోటీసుల వల్లే. 2024-25లో దాదాపు 4,900 కోట్లు వచ్చింది. దానిలోంచే చెత్త, వీధి దీపాలు, ఆసుపత్రులు, జీతాలు, పాత అప్పులు అన్నీ నడవాలి. పదిహేనో ఆర్థిక సంఘం పది లక్షల జనాభా దాటిన నగరాలకు 2021-26 కాలానికి 38,196 కోట్లు కేటాయించినా, దాన్ని గాలి నాణ్యతకూ నీరు, పారిశుధ్యానికీ ముడిపెట్టింది. రోడ్డు నిర్వహణ పేరుతో అందులో పద్దు లేదు. దుమ్ము తగ్గించే పనుల కింద మాత్రమే రోడ్డుకు చోటు దొరికింది.

మిగిలింది రాష్ట్ర ప్రభుత్వ గ్రాంటు. 2025-26 బడ్జెట్లో కర్ణాటక ప్రభుత్వం బెంగళూరుకు ఏటా ఇచ్చే గ్రాంటును 3,000 కోట్ల నుంచి 7,000 కోట్లకు పెంచుతున్నట్టు ప్రకటించింది. అదే బడ్జెట్లో సొరంగ రహదారుల కోసం 19,000 కోట్ల హామీ కూడా ఉంది. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా దాదాపు 17 కిలోమీటర్ల సొరంగానికి వేసిన అంచనా 17,000 కోట్లు దాటింది. పాలికె చివరి వార్షిక బడ్జెట్ మొత్తం, అన్ని శాఖలూ కలిపి, 19,927 కోట్లు. డబ్బు లేదన్న వాదన ఇక్కడ పూర్తిగా నిలవదు. సొరంగానికి ఒక ప్రాజెక్టు నివేదిక, ప్రత్యేక సంస్థ, దీర్ఘకాల అప్పు, అప్పు తీర్చే పట్టిక అన్నీ ముందే ఉంటాయి. మున్నేకొళాల వీధికి వచ్చే ఏడాది ఎంత వస్తుందో ఈ ఏడాది ఎవరూ చెప్పలేరు.

ఆ చెప్పలేకపోవడం ఆచరణలో ఎలా ఉంటుందో నెలల వారీగా చూస్తే తెలుస్తుంది. మార్చిలో బడ్జెట్ ఆమోదం పొందుతుంది, ఏప్రిల్ ఒకటిన ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. వార్డుల వారీగా ఏ పనులు చేపట్టాలన్న జాబితా తయారవడానికి, దాని మీద ఎమ్మెల్యేల సిఫారసులు చేరడానికి, ఆర్థిక విభాగం ప్రతి పనికీ జాబ్ కోడ్ ఇవ్వడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తర్వాత ఇంజినీరు ఎస్టిమేటు, పై అధికారి సాంకేతిక ఆమోదం, టెండరు ప్రకటన, బిడ్డర్లకు గడువు, బిడ్ల పరిశీలన, తక్కువ కోట్ చేసినవారితో ఒప్పందం. అన్నీ సజావుగా సాగినా పని ఉత్తర్వు ఆగస్టులోనో సెప్టెంబరులోనో చేతికొస్తుంది. బెంగళూరులో ఏడాది వానలో పెద్ద వాటా పడేది సరిగ్గా ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. కాంట్రాక్టరు డిసెంబరు దాకా ఆగుతాడు. సంక్రాంతికి కూలీలు రాయచూరు, కలబురగి, కర్నూలు వైపు ఊళ్లకు వెళ్లి వస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నగరమంతా ఒకేసారి తారు వాసన వేస్తుంది. మార్చి 31లోగా మెజర్‌మెంట్ బుక్కులో కొలతలు ఎక్కి బిల్లు పెట్టకపోతే గ్రాంటు మురిగిపోతుంది. కాబట్టి కొలత ఎక్కించడం ముఖ్యమైన పని అవుతుంది, పొర కుదురుకుందా లేదా అన్నది రెండోది.

బిల్లు పెట్టినంత మాత్రాన డబ్బు రాదన్నది ఇంకో అధ్యాయం. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయాయని, సీనియారిటీ ప్రకారం చెల్లించాలని కర్ణాటక కాంట్రాక్టర్ల సంఘాలు ప్రభుత్వాలు మారినా మానకుండా బహిరంగంగా చెబుతూనే ఉన్నాయి. రెండేళ్ల తర్వాత వచ్చే రూపాయికి ఈరోజు పని చేసేవాడు ఆ రెండేళ్ల వడ్డీని ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి: కోట్ చేసే రేటులోనైనా, వేసే పొర మందంలోనైనా. నలభై మిల్లీమీటర్లు ముప్పై అయితే కంటికి ఆనదు. మూడో వానకు తెలుస్తుంది. మోసాన్ని సమర్థించడానికి ఈ మాట చెప్పడం లేదు. చెల్లింపు ఎప్పుడో తెలియని మార్కెట్లో నిజాయితీగా కోట్ చేసినవాడికి టెండరు దక్కదు. కొన్నాళ్లకు ఆ మార్కెట్లో మిగిలేది ఎవరో ఊహించడం కష్టం కాదు.

ఏడాది పద్దుకు మరో గుణం ఉంది: అది పనిని కాకుండా ‘పనులను’ కొంటుంది. కర్ణాటక ప్రభుత్వ భాషలో కామగారి (మంజూరైన పని) అనే మాటకు ఒక మొదలు, ఒక చివర, ఒక మొత్తం ఉండాలి. వీధి చివర కాల్వలో పూడిక తీయడం, అంచున పేరుకున్న మట్టి గీరి నీటికి దారి ఇవ్వడం, వేసవిలో పగుళ్లకు తారు పోయడం వంటివి ఏటా, అవసరమైతే నెలనెలా జరగాల్సిన పనులు. వీటికి శంకుస్థాపన ఫలకం ఉండదు, ఫొటో ఉండదు, పది లక్షల ఎస్టిమేటు ఉండదు. అందుకే కాల్వ పూడినా పట్టించుకోని వ్యవస్థే మూడేళ్లకోసారి ఆ వీధి మీద కొత్త తారు పొర వేస్తుంది. పాత పొరను గీరి తీయడానికి యంత్రం కావాలి, ఆ యంత్రానికి ఎస్టిమేటులో పద్దు కావాలి. అది లేనప్పుడు పాతదాని మీదే కొత్తది పడుతుంది. పాత ఊరి భాగంలోని ఇళ్ల ముందు నిలబడితే ఈ చరిత్రంతా కనిపిస్తుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన గుమ్మానికి ఇప్పుడు ఒక మెట్టు మిగిలింది; కొన్నిచోట్ల రోడ్డే గుమ్మం కన్నా ఎత్తయి, వానాకాలంలో ఇంటివాళ్లు గడప ముందు ఇసుక మూట అడ్డం పెట్టుకుంటున్నారు. ఆ మూట వెనక ఉన్నది నిర్వహణకు డబ్బు లేక తిరిగి తిరిగి వేసిన కొత్త రోడ్డు.

పాత పద్ధతి ఒకటి ఉండేది. రోడ్లు భవనాల శాఖ రోడ్ల మీద ఇంత దూరానికి ఇంతమంది అని గ్యాంగ్ కూలీలు ఉండేవారు. రాయలసీమ, కోస్తా ఊళ్లలో పెరిగి బెంగళూరు చేరిన నడివయసు వారికి రోడ్డు పక్క మట్టి గీరే ఆ గ్యాంగులు గుర్తుండే ఉంటాయి. వారి జీతం ఏటా తప్పనిసరి ఖర్చు కాబట్టి, ఎవరూ ఆ పేరు పెట్టకపోయినా, అదే దీర్ఘకాలిక నిర్వహణ నిధి. పదవీ విరమణ చేసినవారి స్థానంలో కొత్తవారిని తీసుకోకుండా ఆ వ్యవస్థను నెమ్మదిగా కరగనిచ్చారు. దాని స్థానంలోకి వచ్చిన కాంట్రాక్టు పద్ధతి రోడ్డు వేయడాన్ని కొన్నది, చూసుకోవడాన్ని కొనలేదు.

విచిత్రం ఏమిటంటే, ఈ విషయంలో గ్రామీణ రోడ్డు నగర వీధి కన్నా ముందుంది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసే కాంట్రాక్టులోనే తర్వాతి అయిదేళ్ల నిర్వహణ ధర కూడా కోట్ చేయాలి. ఆ మొత్తం ఏ ఏడాది ఎంత చెల్లించాలో ఒప్పందంలోనే ఉంటుంది, రాష్ట్ర ప్రభుత్వం దాన్ని బడ్జెట్లో పెట్టాలి. తర్వాత వచ్చిన ఈ-మార్గ్ ఆన్‌లైన్ వ్యవస్థలో చెల్లింపును రోడ్డు స్థితికి కట్టారు: తనిఖీలో వచ్చిన మార్కును బట్టి కాంట్రాక్టరుకు డబ్బు. అయిదేళ్లు దాటిన తర్వాత ఆ గ్రామీణ రోడ్ల పరిస్థితి మళ్లీ రాష్ట్రాల దయ మీదే ఆధారపడుతుంది. పథకం మొత్తం మచ్చలేనిదేమీ కాదు. అయినా కాంట్రాక్టరుకు మొదటి రోజే అయిదేళ్ల లెక్క తెలిసినప్పుడు పొర మందంలో మిగిల్చుకోవాలన్న ఆశ తగ్గుతుంది, ఎందుకంటే మూడో ఏట ఆ గుంత పూడ్చాల్సింది అతడే. తమిళనాడు రహదారుల శాఖ పొల్లాచ్చి డివిజన్‌తో మొదలుపెట్టి ఇదే సూత్రాన్ని రాష్ట్ర రహదారులకూ ప్రధాన జిల్లా రోడ్లకూ విస్తరించింది. ఒక ప్రాంతంలోని అలాంటి రోడ్లన్నింటినీ కలిపి ఒకే సంస్థకు అయిదేళ్లకు అప్పగించడం, గుంతలు గడువులోగా పూడ్చకపోతే చెల్లింపులో కోత పెట్టడం దాని పద్ధతి. బెంగళూరులో రెండు మూడేళ్ల లోపాల బాధ్యతా కాలం (వేసిన రోడ్డులో లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు) ఉంది గానీ, ఆ కాలంలో గుంత పడితే అది పనిలో లోపమా, నీటి శాఖ తవ్వకమా, పూడిన కాల్వా అన్న వాదనతోనే సగం గడువు గడిచిపోతుంది.

పరాయి దేశాల్లో స్థానిక సంస్థలకు ముందుగా మాటిచ్చి డబ్బు ఇచ్చే విధానాలు ఉన్నాయి. వాటిని యథాతథంగా పొగడనవసరం లేదు. ఆస్ట్రేలియా 2000లో చట్టం చేసి ‘రోడ్స్ టు రికవరీ’ అనే పథకాన్ని మొదలుపెట్టింది. ప్రతి స్థానిక కౌన్సిల్‌కూ అయిదేళ్ల కాలానికి ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది, ఏ రోడ్డు మీద ఖర్చు పెట్టాలో కౌన్సిలే నిర్ణయించుకుంటుంది. ఒక్క షరతు మాత్రం ఖచ్చితం: కేంద్ర ప్రభుత్వం నుంచి డబ్బు వచ్చింది కదా అని కౌన్సిల్ తన సొంత రోడ్డు ఖర్చు తగ్గించుకోకూడదు. మన పద్ధతిలో లేనిది ఈ షరతే. 2024లో మొదలైన అయిదేళ్ల విడతలో ఏటా ఇచ్చే మొత్తాన్ని 50 కోట్ల డాలర్ల నుంచి అంచెలంచెలుగా 100 కోట్ల డాలర్లకు పెంచుతున్నారు. ఇంగ్లండు 2025 నవంబరు బడ్జెట్లో స్థానిక రోడ్ల నిర్వహణకు నాలుగేళ్లకు 730 కోట్ల పౌండ్లు ప్రకటించింది. అంతకు ముందు ఏడాదికోసారి ఇస్తూ వచ్చిన తీరు వల్ల కౌన్సిళ్లు గుంతలు పూడ్చడానికే పరిమితమై, గుంతలు పడకముందే వేసే రక్షణ పూతల జోలికి పోలేదన్నది అక్కడి పాత ఫిర్యాదు. అయితే ఇంగ్లండు, వేల్స్‌ల స్థానిక రోడ్ల మీద పేరుకున్న పని విలువను 2025లో అక్కడి తారు పరిశ్రమ సంఘం 1,681 కోట్ల పౌండ్లుగా లెక్కగట్టింది. లెక్క వేసింది తారు అమ్ముకునేవారే కాబట్టి కొంత తగ్గించి చూసినా, దశాబ్దాలు ఆలస్యంగా మొదలుపెడితే నాలుగేళ్ల హామీ ఎంతవరకు వస్తుందో అర్థమవుతుంది.

ఘనా అనుభవం మరో రకమైనది. 1990లలో ఆఫ్రికా దేశాలు చాలావరకు ఇంధనం మీద ప్రత్యేక రుసుము విధించి, దాన్ని ఖజానాలో కలపకుండా విడి బోర్డు కింద రోడ్డు నిధిగా పెట్టుకున్నాయి. ఘనా 1997లో చట్టమే చేసింది. 2017లో ఆ దేశమే, ఇలాంటి ప్రత్యేక నిధులన్నీ పన్ను ఆదాయంలో నాలుగో వంతు దాటకూడదంటూ మరో చట్టం తెచ్చి మిగిలినదాన్ని తిరిగి ఖజానాకు మళ్లించింది. ఆర్థిక మంత్రిత్వ శాఖలకు విడి నిధులంటే ఎక్కడైనా గిట్టదు. ఆ గిట్టకపోవడంలో న్యాయం కొంత ఉంది: ప్రతి అవసరానికీ ఒక తాళం వేసిన పెట్టె పెడితే, కరవు వచ్చిన ఏడాది ప్రభుత్వం చేతిలో చిల్లర కూడా మిగలదు.

హామీ డబ్బు మీద అసలైన అభ్యంతరం ఇంకోటి. డబ్బు ఎలాగూ వస్తుందని తెలిస్తే ఇంజినీరుకూ కాంట్రాక్టరుకూ తొందర ఉండదు, తప్పు చేసినా వచ్చే ఏటి వాటా ఆగదు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. అయిదేళ్ల డబ్బుకు అయిదేళ్ల కొలత తోడు ఉండాలి. ఏ వీధి ఎంత వెడల్పు, ఏ ఏట ఎన్ని మిల్లీమీటర్లు వేశారు, ఎవరు వేశారు, ఎవరు తవ్వారు అన్న చరిత్ర వీధి వీధికీ పుస్తకంలో ఉండి, ఏటా వానాకాలం వెళ్లాక రోడ్డు స్థితిని కొలిచి వెల్లడించకపోతే సూత్రం ప్రకారం పంచడం కూడా సిఫారసు ప్రకారం పంచడమే అవుతుంది. ఇంగ్లండులో 2025-26కు ఇచ్చిన అదనపు 50 కోట్ల పౌండ్లలో నాలుగో వంతును, కౌన్సిళ్లు తమ రోడ్ల స్థితి, ఖర్చు, చేసిన పని ఏమిటో జనానికి కనిపించేలా ప్రకటించేదాకా ఆపి ఉంచారు. బెంగళూరులో ఆ ప్రకటన అడిగే ఎన్నికైన మండలి అయిదేళ్లు లేదు: 2020 సెప్టెంబరులో పదవీకాలం ముగిసిన తర్వాత పాలికె రద్దయ్యేదాకా నగరం అధికారుల పాలనలోనే నడిచింది. గుంతల సంగతిలో ప్రశ్నించే చోటు హైకోర్టే అయింది. గుంతల వల్ల గాయపడినవారికి పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత పాలికెదేనని 2019లో కర్ణాటక హైకోర్టు చెప్పింది. కోర్టులు గడువులు పెట్టగలవు. ఫిబ్రవరిలో తారు పూయడానికి పద్దు పెట్టలేవు.

సూత్రం ఎంత బాగున్నా గునపం ముందు నిలవదు. నీటి బోర్డు, విద్యుత్ సంస్థ, గ్యాస్ గొట్టాలవారు, ఇంటర్నెట్ తీగలవారు ఎవరి పద్దు వచ్చినప్పుడు వారు తవ్వుతారు. 110 గ్రామాలకు కావేరీ నీళ్లు తెచ్చే అయిదో దశ పథకం 2024 అక్టోబరులో నీళ్లివ్వడం మొదలుపెట్టింది. దాని గొట్టాల కోసం, మురుగు కాల్వల కోసం ఆ ప్రాంతపు వీధులను ఏళ్ల పాటు విడతలు విడతలుగా తవ్వారు. నీళ్లు రావడం వల్ల ట్యాంకర్లు తగ్గితే రోడ్డుకు మేలే, కానీ తవ్విన కందకంలో మట్టిని పొరలుగా గట్టిపరచకుండా పైన తారు వేసిన చోటల్లా రెండో వానకు నిలువు పొడవునా కుంగింది. తవ్వకానికి కట్టించుకునే రుసుము సాధారణ ఆదాయంలో కలిసిపోతే ఆ కుంగిన వీధికి తిరిగి రావడం అదృష్టం మీద ఆధారపడుతుంది. దీర్ఘకాలిక నిధి అంటూ ఒకటి పెడితే అందులో పడాల్సిన మొదటి రూపాయి ఈ రుసుమే. దీనికి కొత్త పన్నూ అక్కర్లేదు, కేంద్రం అనుమతీ అక్కర్లేదు.

ఈ చిక్కులన్నింటి నుంచి తప్పించుకోవడానికి నగరం ఎంచుకున్న దారి కాంక్రీటు. గొట్టాలన్నీ ముందే కాలిబాట కింద వేసి కట్టిన టెండర్ ష్యూర్ రోడ్లు రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు వంటి చోట్ల పదేళ్లు దాటినా నిలబడ్డాయి. 2017 తర్వాత వైట్ టాపింగ్ పేరుతో పాత తారు మీద కాంక్రీటు పోయడం పెరిగింది. ఇరవై ఏళ్లకు పైగా ఉంటుందని దాని హామీ. పని మంచిదే, ఖరీదు ఎక్కువ, పోసేటప్పుడు నెలల తరబడి ట్రాఫిక్ నరకం. ప్రధాన రోడ్ల మీద దానికి సమర్థన ఉంది. వార్డు వీధుల్లో కూడా కాంక్రీటే పోయాలని అడగడం మాత్రం, మా చేత నిర్వహణ కాదు, ఇరవై ఏళ్ల నిర్వహణను ఒకేసారి కొనేస్తామని నగరం ఒప్పుకోవడం లాంటిది. రేపు గ్యాస్ గొట్టం కోసం ఆ కాంక్రీటు కోయాల్సి వస్తే అతికించడం తారు కన్నా కష్టం.

2025 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మీదున్న ఒక లాజిస్టిక్స్ సంస్థ అధిపతి గుంతలు, ప్రయాణ కష్టాల వల్ల తమ ఆఫీసు అక్కడి నుంచి మారుస్తామని చెప్పినప్పుడు, ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ విశాఖకు రమ్మని వెంటనే ఆహ్వానం పలికారు. ఇక్కడి తెలుగువారు దాన్ని వాట్సాప్‌లో సరదాగా పంచుకున్నారు. కర్ణాటక ప్రభుత్వం గుంతల పూడ్చివేతకు గడువులు పెట్టింది, ప్రత్యేక నిధులు ప్రకటించింది. ప్రతి గొడవ తర్వాతా ఇలాగే ప్రత్యేక నిధి వస్తుంది, వచ్చిన నిధి వానల్లోనే ఖర్చవ్వాలి.

ఆ నెలలోనే ఏర్పడిన అయిదు కార్పొరేషన్లతో లెక్క కొత్తగా మొదలవుతోంది. కృష్ణరాజపురం, మహదేవపుర నియోజకవర్గాలున్న తూర్పు కార్పొరేషన్ పరిధిలోనే ఐటీ పార్కులు, పెద్ద అపార్టుమెంట్లు ఎక్కువ. ఆస్తి పన్నుకు అది బలమైన నేల. తన పన్ను తనకే మిగిలితే తూర్పు వీధులకు అయిదేళ్ల నిర్వహణ పద్దు రాయడం ఆ సంస్థకు రాష్ట్రం సాయం లేకున్నా సాధ్యమే. అదే పద్ధతి పాత పేటలు, చిన్న ఇళ్లు ఎక్కువగా ఉన్న పడమటి కార్పొరేషన్‌కు కుదరదు. అక్కడ రాష్ట్ర గ్రాంటు, అదీ రోడ్డు పొడవును, స్థితిని బట్టి అయిదేళ్లకు ముందే చెప్పి ఇచ్చే గ్రాంటు లేకుండా పని జరగదు. ఎవరి పన్ను వారికే అన్న సూత్రానికీ, నగరమంతా ఒకటే అన్న సూత్రానికీ మధ్య రాష్ట్ర ఆర్థిక సంఘం ఎక్కడ గీత గీస్తుందన్నది ఇంకా తేలాలి. టెండర్ల సంగతి అంతదాకా ఆగనక్కర్లేదు. పని ఉత్తర్వు నవంబరులో చేతికి రావాలంటే ఎస్టిమేటు మే నెలలో, పద్దు అంతకు ముందు ఏడాదిలో ఖాయమై ఉండాలి. ఏ కార్పొరేషన్ అయినా తన రెండో బడ్జెట్ పుస్తకంలో మూడో ఏటి వీధుల జాబితా అచ్చువేస్తే, మున్నేకొళాల కాంట్రాక్టరు డిసెంబరు మొదటి వారంలో రోలరు తెచ్చుకోగలడు.